బాగుచేయాల్సింది ఎవర్ని? పత్తి, మిరప పల్లెల్లో కౌన్సెలింగ్ గురించి

పల్లెల్లో ఈ మధ్య బాగా నలుగుతున్న మాట కౌన్సెలింగ్. పంట పోయిన ఇంటికి కౌన్సెలింగ్. తాగొచ్చి కొట్టే మొగుడికి కౌన్సెలింగ్. బడి మానేసిన పిల్లాడికి కౌన్సెలింగ్. కులం దాటి ప్రేమించిన పిల్లకి పోలీసు స్టేషన్లో కౌన్సెలింగ్. మొదటిది ఓదార్పు, రెండోది మందలింపు, మూడోది బుజ్జగింపు, నాలుగోది చాలాసార్లు బెదిరింపు. నాలుగు వేర్వేరు పనులకి ఒకే పేరు పెట్టేసరికి ఏది ఎవరి మేలు కోసం జరుగుతోందో తెలియకుండా పోతోంది.

మేం చర్చకు పెడుతున్నది ఇందులో ఒక ప్రత్యేకమైన పనిని. ఆస్పత్రిలో కాకుండా పల్లెలోనే ఉంటూ, కుర్రాళ్ళతోనూ వాళ్ళ కుటుంబాలతోనూ నెలల తరబడి కలిసి నడుస్తూ, వాళ్ళ మనసు కుదుటపడేదాకా తోడుండే మనిషి పని ఇది. సంస్థల భాషలో మెంటర్ అంటారు, కమ్యూనిటీ కౌన్సెలర్ అంటారు. ఆ మనిషి డాక్టరు కాదు, టీచరు కాదు, పాస్టరు కాదు. ఆ ముగ్గురి పనిలోనూ కొంత కొంత చేయాల్సి వస్తుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానంలో ఈ పని ఎట్లా ఉండాలి, ఎవరు చేయాలి, ఎవరి పక్షాన నిలబడి చేయాలి అన్నది మా ప్రశ్న. 2022 ఏప్రిల్లో జిల్లాల్ని విడగొట్టాక ఈ ఊళ్ళలో చాలా భాగం పల్నాడు, బాపట్ల జిల్లాల్లోకి వెళ్ళాయి. పాత సంఘటనల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి పాత పేర్లే వాడుతున్నాం.

ఈ విషయంలో మన మధ్య రెండు వాదాలున్నాయి. ఉద్యమంలో పనిచేసే కొందరు మిత్రులు, ఇదంతా కోపాన్ని చల్లార్చే ఎన్జీవో వ్యవహారం, భూమి గురించీ కూలి గురించీ మాట్లాడకుండా మనసు గురించి మాట్లాడ్డం మోసం అంటారు. బళ్ళలో చదువు చెప్పే కొందరు మిత్రులు, ముందు మనవాళ్ళ మనసులు బాగుపడాలి, ఆత్మవిశ్వాసం వస్తే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి అంటారు. రెంటితోనూ మాకు పేచీ ఉంది.

మొదటి వాదానికి జవాబు వాడలోనే దొరుకుతుంది. 'నిద్ర పట్టట్లేదమ్మా', 'గుండెదడ', 'తల దిమ్ముగా ఉంటంది', 'నీరసం', 'ఆలోచన ఎక్కువైంది'. ఏ పల్లెలో కూర్చున్నా ఈ మాటలు వినపడతాయి. ఈ మాటలతోనే ఆడవాళ్ళు ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆయన సెలైను ఎక్కిస్తాడు, బలానికని సూది వేస్తాడు. మళ్ళీ నెలకి మళ్ళీ వెళ్తారు. శుక్రవారం ఉపవాస కూడికలో ఏడుస్తారు. ఏడ్చాక కాస్త తేలికపడతారు. అంటే మనసు నొప్పి సంస్థలు కనిపెట్టింది కాదు. దానికి మందు కోసం జనం ఇప్పటికే డబ్బు ఖర్చు పెడుతున్నారు, మోకాళ్ళ మీద ప్రార్థిస్తున్నారు. ఆ నొప్పిని రాజకీయం కాదని పక్కకి నెట్టేస్తే, దాన్ని ఇంకెవరో తీసుకుపోతారు.

రెండో వాదానికి జవాబు చెప్పాలంటే చరిత్రలోకి వెళ్ళాలి.

ఈ నేల మీద పేద కుటుంబాల్ని 'బాగుచేసే' పని కొత్తది కాదు. బాపట్ల దగ్గర స్టువార్టుపురంలో 1913లో సాల్వేషన్ ఆర్మీ ఒక సెటిల్మెంటు పెట్టింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశాక, ఎరుకల కుటుంబాల్ని తెచ్చి అందులో ఉంచారు. హాజరు పట్టీలు, బయటికి పోవాలంటే అనుమతి, పెద్దలకి పని, పిల్లలకి క్రమశిక్షణ. ఉద్దేశం మంచిదేనని నడిపినవాళ్ళు నమ్మారు. కానీ ఎరుకలు నేరస్థులెట్లా అయ్యారు? గాడిదల మీదా ఎద్దుల మీదా ఉప్పు, ధాన్యం మోసుకుపోయి లోపలి ఊళ్ళలో అమ్ముకునే వృత్తి వాళ్ళది. రైళ్ళూ, తెల్లదొరల ఉప్పు విధానమూ ఆ వృత్తిని చంపేశాయి. బతుకు పోయినవాళ్ళకి నేరస్థులని పేరు పెట్టారు. మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతంతా వివరంగా రాశారు. చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు ఫ్యాక్టరీకి ఈ సెటిల్మెంటు నుంచే కూలీలు దొరికారని కూడా చూపించారు. అంటే సంస్కరణా, చౌక కూలీ ఒకే గేటులోంచి నడిచాయి.

1952లో ఆ చట్టం రద్దయింది. పేరు మాత్రం పోలేదు. 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి హేమలతా లవణం స్టువార్టుపురం వెళ్ళారు. వినుకొండ బిడ్డ జాషువా కూతురామె. ఇళ్ళల్లోకి వెళ్ళి, జైళ్ళలో ఉన్నవాళ్ళతోనూ బయట ఉన్న భార్యాపిల్లలతోనూ మాట్లాడి, మనిషిని మనిషిగా చూసి ఆమె చేసిన పనిని మేం తక్కువ చేయం. ఈ ప్రాంతంలో కుటుంబాలకి తోడు నిలిచే పనికి అంతకంటే పెద్ద ఉదాహరణ వెతకడం కష్టం. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. సంస్కరణ అనే మాటలో మారాల్సినవాళ్ళు ఎప్పుడూ సెటిల్మెంటు లోపలే ఉంటారు. ఊరి పేరు వినగానే పని ఇవ్వనివాళ్ళు, ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఇక్కడికొచ్చే పోలీసులు, ఆ పేరుని తెర మీద అమ్ముకునేవాళ్ళు బయట ఉంటారు. ఆ పేరు మీద 1991లో ఒక సినిమా వచ్చింది, ఆ ఊరి మనిషి కథతో 2023లో ఇంకొకటి వచ్చింది. లోపలివాళ్ళు ఎంత మారినా బయటివాళ్ళకి కౌన్సెలింగ్ ఇచ్చినవారెవరూ లేరు.

సాహిత్యంలోనూ ఇదే తంతు. గుంటూరు ప్రాంతపు మాల కుటుంబం కథ చెప్పిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వచ్చింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించేంత బలం ఉన్న నవల. పాలేరుగా పనిచేసే కొడుకు సంగదాసుని ఆసామి చౌదరయ్య కొట్టి చంపుతాడు. తండ్రి రామదాసు వేదాంతి. కొడుకు చావుని తత్వంతో దిగమింగుతాడు. పెద్ద కొడుకు వెంకటదాసు దిగమింగలేక ఊరు వదిలి, ఉన్నవాడిని కొట్టి లేనివాడికి పెట్టే దారి పడతాడు. ఆ నవల గొప్పతనాన్ని కాదనం. కానీ అది మనకి రెండే దారులు చూపించింది: ఓర్చుకునే తండ్రి, లేకపోతే తిరగబడి చట్టానికి దొరికే కొడుకు. నొప్పిని నొప్పిగా చెప్పుకుని, నలుగురితో కలిసి దానికి జవాబు అడిగే చోటు ఆ కుటుంబానికి లేదు. రామదాసు ఓర్పుని మెచ్చుకున్న విమర్శకులు, ఆ ఓర్పు ఎవరికి లాభించిందో అడగలేదు. ఇవాళ పల్లెకొచ్చి 'పాజిటివ్‌గా ఆలోచించు' అని చెప్పి పోయే కౌన్సెలర్, రామదాసు వేదాంతాన్నే కొత్త భాషలో చెబుతున్నాడు.

మూడో దారి పుస్తకంలో కాదు, చీరాలలో కనపడింది. 1985 జూలై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు, ఆడపిల్లల మీద అత్యాచారం చేశారు. మంచినీళ్ళ చెరువుని పాడుచేయొద్దన్న దగ్గర మొదలైన గొడవ అది. జనం చీరాలకి పారిపోయారు. తిరిగి ఆ ఊరికి పోమన్నారు. అక్కడే శిబిరం, అక్కడే వంట, అక్కడే మీటింగులు. ఆ సెప్టెంబరు 1న చీరాలలో దళిత మహాసభ పుట్టింది. అప్పటికి కౌన్సెలింగ్ అన్న మాట మన పల్లెలకి తెలీదు. కానీ భయపడ్డ మనిషికి కావాల్సింది మొదట భద్రమైన చోటు, తర్వాత జరిగింది చెబితే నమ్మే మనుషులు, ఆ తర్వాత తను ఒంటరి కాదన్న ధైర్యం అని మానసిక వైద్యులు చెప్పే మూడూ ఆ శిబిరంలో ఉన్నాయి. మందు కాదు, సంఘం మనుషుల్ని నిలబెట్టింది.

అయితే దీన్ని కీర్తించి ఆగిపోకూడదు. ముఖ్య సాక్షి దుడ్డు అలిశమ్మని తర్వాత చంపేశారు. సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. 23 ఏళ్ళు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలైంది ఆ గొడవ. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోగలిగారు జనం. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఇన్నేళ్ళలో కరపత్రాలు వచ్చాయి, నిజనిర్ధారణ నివేదికలు వచ్చాయి, పాటలు వచ్చాయి. చనిపోయినవాళ్ళ లెక్క ఉంది, ముద్దాయిల లెక్క ఉంది, సాక్షుల లెక్క ఉంది. ఆ రోజు పదేళ్ళ వయసున్న పిల్లలు రాత్రుళ్ళు ఎట్లా నిద్రపోయారో, పెద్దయ్యాక పంటచేల గట్ల మీద ఒంటరిగా నడవగలిగారో లేదో మాత్రం ఆ కాగితాల్లో అంతగా దొరకదు.

పెద్ద దెబ్బ తిన్నాక మనసులో మిగిలే బాధకి వైద్యశాస్త్రం పెట్టిన పేరులో 'తర్వాత' అనే మాట ఉంటుంది. ఘటన అయిపోయింది, ఆ తర్వాత జ్ఞాపకం వేధిస్తోంది అని దాని అర్థం. చుండూరు మనిషికి ఆ 'తర్వాత' ఎప్పుడొచ్చింది? చంపినవాళ్ళు శిక్షపడి బయటికొచ్చి మళ్ళీ ఎదురు పడుతుంటే అది జ్ఞాపకం కాదు, ఇవాళ్టి సంగతి. వాడలో భయాన్ని జబ్బు అనే ముందు, ఆ భయానికి కారణం ఇంకా వీధిలో తిరుగుతోందా అని చూడాలి. ఈ ప్రశ్న అడగడం రాని మనిషిని పల్లెకి పంపడం ఎంత చదువుకున్నా దండగే.

ఇక పత్తి సంగతి. కారంచేడుకి ఆనుకునే ఉన్న పర్చూరు ప్రాంతంలోనూ, చిలకలూరిపేట చుట్టుపక్కలా 1987-88లో పత్తికి తెల్లదోమ పట్టింది. మందు కొట్టే కొద్దీ దోమ పెరిగింది. అప్పు పెరిగింది. రైతుల ఆత్మహత్యలు రాష్ట్రమంతా చర్చకి వచ్చింది అప్పుడే. విత్తనం అప్పిచ్చేదీ, పురుగుమందు అప్పిచ్చేదీ, చివరికి పంట కొనేదీ చాలాచోట్ల ఒక్కడే. అప్పటినుంచి పత్తి మారింది, 2002లో బి.టి. విత్తనం వచ్చింది, భూమి ఉన్నవాళ్ళు కొందరు పట్నాలకి పోయారు, సాగు కౌలుదార్ల చేతికొచ్చింది. ఆ కౌలుదార్లలో మాల, మాదిగ కుటుంబాలు చాలా ఉన్నాయి. పంట పోతే నష్టం కౌలుదారుది, కాగితం మీద పేరు ఆసామిది. 2011లో ఒక చట్టం, 2019లో ఇంకొక చట్టం వచ్చాయి. రెండో చట్టం కింద కౌలు కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసామి భయం. అడిగితే వచ్చే ఏడు చేను ఇవ్వడేమోనని కౌలుదారు భయం. 2021-22లో మిరపకి నల్ల తామరపురుగు పట్టి తోటలకి తోటలు పోయినప్పుడు కార్డు లేని కౌలుదారు ఎవరి దగ్గరికీ పోలేకపోయాడు.

ఇట్లాంటి ఇంట్లో మనిషి పోతే ఏం జరుగుతుంది? 2004 నాటి 421 జీవో కింద లక్షన్నర సాయం ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో అది 5 లక్షలు, 2019లో 7 లక్షలు అయింది. కానీ ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉన్న కమిటీ ముందు ఆ భార్య తన భర్త రైతేనని, అప్పు సాగు కోసమేనని రుజువు చేయాలి. కౌలు నోటిమాట. అప్పు నోటిమాట. రుజువెక్కడిది? కూలి ఇంట్లో అయితే అదీ లేదు. కూలి మనిషి చస్తే అది రైతు ఆత్మహత్య కాదు. పోలీసు కాగితంలో 'కడుపునొప్పి తాళలేక' అని రాసిన చావులు ఈ జిల్లాల్లో ఎన్నో. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2021లో దేశంలో నమోదైన 1,64,033 ఆత్మహత్యల్లో 42,004 మంది రోజుకూలీలు. అన్నిటికంటే పెద్ద వర్గం అదే. ఆ పట్టికలో వృత్తి గడి ఉంది, చదువు గడి ఉంది. కులం గడి లేదు.

కుర్రాళ్ళ దగ్గరికొద్దాం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరపకోతలు. పరీక్షలు మార్చిలో. తల్లి కోతకి పోతే పెద్దపిల్ల ఇంట్లో చిన్నపిల్లల్ని చూస్తుంది, లేదా తనూ కోతకి పోతుంది. కర్నూలు పడమటి మండలాల నుంచి వలసొచ్చే కుటుంబాలైతే పిల్లల్ని చంకనేసుకుని వచ్చి చేలల్లోనే గుడిసెలు వేసుకుంటారు. గుంటూరు చుట్టుపక్కల శీతల గిడ్డంగుల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళు చేతుల మంటతో ఇంటికొచ్చి, ఆ చేతులతో బిడ్డ మొహం తుడవడానికి భయపడతారు. ఈ ఇంట్లో పిల్లాడు బడి మానేస్తే రిజిస్టరులో 'ఆసక్తి లేదు' అని రాస్తారు. ఆ కుర్రాడు ఇంటరు తప్పి, బండి మీద తిరుగుతూ, సాయంత్రం మందుకి అలవాటు పడితే వాడికి కౌన్సెలింగ్ ఇమ్మంటారు. వాడితో మాట్లాడాల్సిందే. కానీ వాడు ఏ నెలలో బడి మానేశాడో అడిగితే అది మిరపకోతల నెల అని తేలుతుంది. అప్పుడు మాట్లాడాల్సింది వాడొక్కడితోనే కాదని అర్థమవుతుంది.

అన్నీ దాటి చదువుకున్నవాడికి కూడా ఈ తంతు తప్పలేదు. గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్నాడు. హాస్టలు నుంచి వెలివేసి, ఫెలోషిప్పు ఆగి, ఆరుబయట పడుకున్న రోజుల తర్వాత. దాని మీద వేసిన రూపన్వాల్ కమిషన్ కారణం అతని వ్యక్తిగత నిరాశేనంది. అతని కులం మీద విచారణ చేసింది. నిరాశ అనే మాట ఇక్కడ వైద్యం కోసం రాలేదు, కేసు మూసేయడానికి వచ్చింది. మనసు భాష ఎవరి చేతిలో ఉందన్నది అందుకే ముఖ్యం. అదే మాట తల్లికి ఊరటనివ్వగలదు, అదే మాట నేరాన్ని దాచగలదు.

ఇంతకీ పల్లెలో మామూలు మనుషులు ఈ పని చేయగలరా? చేయగలరనడానికి రుజువులున్నాయి. జింబాబ్వే రాజధాని హరారేలో 2006 నుంచి ఊరి ముసలమ్మలే ఆస్పత్రి ఆవరణలో బల్ల మీద కూర్చుని, వచ్చినవాళ్ళతో మాట్లాడుతున్నారు. వాళ్ళ భాషలో ఆ జబ్బు పేరుకి అర్థం అతిగా ఆలోచించడం. మన 'ఆలోచన ఎక్కువైంది' లాంటిదే. వచ్చినవాళ్ళ సమస్యల్లో ఒకదాన్ని ఎంచుకుని దాన్ని పరిష్కరించే దారి కలిసి వెతుకుతారు. అది పనిచేస్తోందని 2016లో వచ్చిన అధ్యయనం చూపింది. మన పత్తి నేలలాంటిదే విదర్భలోని అమరావతి జిల్లా. అక్కడి పల్లెల్లో స్థానికులకి శిక్షణ ఇచ్చి పంపిస్తే, కుంగుబాటుతో బాధపడేవాళ్ళలో ఏదో ఒక సాయం అందినవాళ్ళు నూటికి 4.3 మంది నుంచి 27.2 మందికి పెరిగారు. మన పశ్చిమ గోదావరిలో ఆశా కార్యకర్తలతో ఇలాంటి ప్రయత్నమే జరిగింది. ఈ మూడూ చెప్పేదేమిటంటే, ఈ పనికి ముందు కావాల్సింది డిగ్రీ కాదు, భాష తెలిసిన మనిషి, క్రమమైన శిక్షణ, వెనక నిలబడే డాక్టరు.

వీటికంటే మాకు దగ్గరగా అనిపించేది వికారాబాద్‌లో 2017లో మొదలైన కిసాన్ మిత్ర. ఫోను చేసిన రైతు గోడు వింటారు. అంతటితో ఆగరు. పాసుపుస్తకమా, బ్యాంకా, బీమానా అని కనుక్కుని ఆ ఆఫీసు వెంటపడతారు. ఇక్కడ విన్న చెవికీ కాగితం పట్టుకున్న చేతికీ మధ్య దూరం లేదు. మేం అడుగుతున్న తోడు ఇదే. భర్త పోయిన ఇల్లాలి దగ్గర కూర్చుని ఏడవనివ్వడం ఎంత అవసరమో, ఆమెతో ఆర్డీవో ఆఫీసుకి పోయి పక్కన నిలబడడం అంతే అవసరం. రెండోది చేయకపోతే మొదటిదాన్ని ఆమె నమ్మదు.

శ్రీలంక అనుభవం ఇంకో సంగతి చెబుతుంది. అక్కడ పురుగుమందు తాగి చనిపోయేవాళ్ళు ఎక్కువ. 1995లో మోనోక్రోటోఫాస్ లాంటి తీవ్రమైన విషాల్ని, 1998లో ఎండోసల్ఫాన్‌ని ఆపేశారు. 2005 నాటికి ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. తర్వాత అక్కడే, ఇళ్ళల్లో మందు డబ్బాలు దాచుకోడానికి తాళం పెట్టెలు పంచి చూశారు. దానివల్ల చావులు తగ్గినట్టు 2017లో వచ్చిన ఫలితాల్లో కనపడలేదు. ఇంటికి తాళం వేయమంటే పని జరగలేదు, దుకాణంలో అమ్మకం ఆపితే జరిగింది. మన దేశంలో మోనోక్రోటోఫాస్ పత్తి చేలల్లో దశాబ్దాల పాటు పారింది. దాన్ని దశలవారీగా ఆపే ఉత్తర్వు 2023లోగానీ రాలేదు. ఈ లెక్కన విషాన్ని ఆపమని అడిగే ఊరేగింపు కూడా మానసిక ఆరోగ్యం పనే. పల్లెలో తోడుగా పనిచేసే మనిషికి ఆ ఊరేగింపులో నడిచే హక్కు లేదంటే, ఆ ఉద్యోగం ఎవరి కోసమో తేలిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ పని ఎవరు చేయాలి? వాడ మనిషే చేయాలని మేం అంటాం. చెప్పకుండానే అర్థమయ్యే సంగతులు సగం ఉంటాయి కాబట్టి. పాలేరుని ఆసామి 'ఒరేయ్' అంటే తండ్రి వయసువాడికి ఎట్లా ఉంటుందో వివరించి చెప్పాల్సి వస్తే, ఆ వివరణే ఇంకో అవమానం. కానీ వాడ మనిషి కావడంలో ఇబ్బందులూ ఉన్నాయి. అత్తా, పిన్నీ, బావా అని పిలుచుకునే చోట రహస్యం నిలవదు. మొగుడు కొడుతున్నాడని చెప్పుకున్న కోడలి మాట రేపు పంపు దగ్గర వినపడితే ఇంకెవరూ నోరు విప్పరు. అందుకని తన పల్లెలో కాకుండా పక్క పల్లెలో పనిచేయడం, విన్నది బయటపెట్టననే కట్టుబాటు, ప్రాణం మీదికొచ్చిందనిపిస్తే మాత్రం దాచకుండా డాక్టరు దాకా తీసుకుపోవడం, ఇవన్నీ శిక్షణలో మొదటి పాఠాలు కావాలి. ఎప్పుడు తన చేతిలో లేదో తెలియడం కూడా ఈ పనిలో భాగమే. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వం 14416 నంబరు నడుపుతోంది. డబ్బు అడగరు. దాన్ని ప్రతి వాడలో గోడ మీద రాయించాలి. కానీ ఫోను తోడు కాదు. అవతలి గొంతు రేపు వచ్చి తలుపు తట్టదు.

రెండో చిక్కు జీతం. వాడ మనిషి చేయాలనగానే సర్కారూ సంస్థలూ సంతోషపడతాయి, చవగ్గా వస్తుందని. ఆశా కార్యకర్తల్ని చూడండి. కాన్పు నుంచి కరోనా దాకా అన్నీ వాళ్ళ నెత్తినే పెట్టారు. వాళ్ళు ఉద్యోగులు కారట, వాలంటీర్లట. ఆంధ్రప్రదేశ్‌లో గౌరవ వేతనం 10,000 చేయడానికి 2019 దాకా పోరాడాల్సి వచ్చింది. ఇప్పుడు మనసుల బరువు కూడా వాళ్ళ మీదే వేస్తారా? రోజంతా ఇతరుల చావులూ అప్పులూ విని ఇంటికొచ్చే మనిషి, తన అప్పు గురించి ఎవరికి చెప్పుకోవాలి? ఊరి మలం ఎత్తే పని దళితులదే అన్న సమాజం, ఊరి దుఃఖం ఎత్తే పని కూడా ఉచితంగా దళిత స్త్రీలదే అంటే ఒప్పుకోకూడదు. నెల జీతం, వారానికోసారి పెద్ద కౌన్సెలర్‌తో కూర్చుని తన బరువు దించుకునే ఏర్పాటు, సెలవు ఉండాలి. దేశంలో మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. 1996లో జిల్లా స్థాయికి తెచ్చినప్పుడు మొదటి నాలుగు జిల్లాల్లో అప్పటి మన రాష్ట్రం నుంచి మెదక్ ఉంది. 2017 చట్టం మానసిక వైద్యం పొందడం హక్కు అంది. హక్కు అన్నాక దాన్ని అందించే మనిషికి జీతం ఇవ్వడం దయ కాదు.

మూడోది, ఎవరి దగ్గరికి పోవాలన్నది. ఇప్పటిదాకా కౌన్సెలింగ్ వాడకే పోయింది. ఊళ్ళోకీ పోవాలి. గ్లాసు వేరు పెట్టే ఇంట్లో పెరుగుతున్న కుర్రాడికి, కూతురు మాల కుర్రాణ్ణి ప్రేమించిందని చంపడానికి లేచే తండ్రికి, క్లాసులో కులం పేరు అడిగే మాస్టరుకి లేని రోగం, ఆ దెబ్బలు తినేవాళ్ళకే ఉందనడం ఏం శాస్త్రం? గర్వం ముదిరి మనిషిని నరికేదాకా పోవడం కూడా మానసిక ఆరోగ్యం సమస్యే. దానికీ పథకంలో చోటుండాలి.

ఉద్యమ మిత్రులకి మేం చెప్పేది ఇది. సంఘం ఆఫీసులో భూమి కాగితాల పక్కన ఒక కుర్చీ వేయండి, మనిషి వచ్చి ఏమీ అడక్కుండా కాసేపు కూర్చోడానికి. మీటింగుకి రావడం మానేసిన కుర్రాడి ఇంటికి, ఎందుకు రాలేదని నిలదీయడానికి కాకుండా, ఎట్లా ఉన్నావని అడగడానికి వెళ్ళండి. ఉపాధ్యాయ మిత్రులకి చెప్పేది ఇది. మిరపకోతల నెలల్లో హాజరు పట్టీ తెరిచి, రాని పిల్లల పేర్లు రాసుకుని, వాళ్ళ వాడకి నడవండి. విద్యార్థులకి చెప్పేది ఇది. ఈ జిల్లాల్లో దాడులు చూసిన పిల్లలు ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళవాళ్ళు. వాళ్ళు చెబుతామంటే వినండి, వాళ్ళు ఒప్పుకుంటే రాయండి. చెప్పలేమంటే ఊరుకోండి.

పల్లెకి వచ్చే ప్రతి మెంటర్‌నీ, ప్రతి పథకాన్నీ మనం ఒకటే అడగాలి. నువ్వు మమ్మల్ని ఈ పరిస్థితికి అలవాటు చేయడానికి వచ్చావా, దీన్ని మార్చుకునేదాకా మేం బతికుండేట్టు చూడ్డానికి వచ్చావా? రెండోదైతే కూర్చో, మంచినీళ్ళు తాగు, మాట్లాడుకుందాం.